శ్రోతల కానుకలతో నిలిచిన స్టేషను: సెయింట్ ఓలాఫ్ కళాశాల రేడియో చరిత్ర

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒక చిన్న క్రైస్తవ కళాశాల నడిపిన రేడియో స్టేషను గురించి మాట్లాడదలిచాను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మిన్నియాపొలిస్ నగరానికి దక్షిణంగా దాదాపు 40 మైళ్ల దూరంలో, నార్త్‌ఫీల్డ్ అనే పట్టణం ఉంది. నార్వే నుంచి వలస వచ్చి అక్కడ స్థిరపడిన లూథరన్ కుటుంబాలు, వారి పాస్టర్లు కలిసి 1874లో సెయింట్ ఓలాఫ్ విద్యాలయాన్ని స్థాపించారు. ఆ కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో పుట్టి, ఎనభై ఏళ్లకు పైగా పలికి, 2004లో అమ్ముడుపోయిన స్టేషను పేరు డబ్ల్యూసీఏఎల్. రేడియో చరిత్ర రాసినవారు పెద్ద వాణిజ్య సంస్థలకు అధ్యాయాలకు అధ్యాయాలు కేటాయించి, ఇలాంటి స్టేషన్లను ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తుంటారు. కానీ శ్రోతలు తమంతట తాము పంపే డబ్బుతో రేడియోను నిలబెట్టవచ్చునని అందరికంటే ముందుగా చూపిన స్టేషన్లలో ఇది ఒకటి. అలా నిలబడిన స్టేషను చివరికి ఎవరి సొత్తు అనే ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లింది కూడా దీని విషయంలోనే. లైసెన్సు కాగితం మీద ఎవరి పేరున్నా, దశాబ్దాల తరబడి కానుకలిచ్చి దాన్ని పోషించిన శ్రోతలకు అందులో హక్కు ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. అలా ఎందుకు నమ్ముతున్నానో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పుకు రావాలి.

కళాశాల తన రేడియో చరిత్రను 1918తో మొదలుపెడుతుంది. ఆ ఏడాది భౌతికశాస్త్ర విద్యార్థులు తీగలేని తంతి మీద ప్రయోగాలు ప్రారంభించారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది, ఔత్సాహికుల స్టేషన్లన్నింటినీ అమెరికా ప్రభుత్వం 1917లోనే మూయించింది, కాబట్టి 1918 నాటి పనిని మనం ప్రయోగశాల పనిగానే చూడాలి తప్ప జనం విన్న ప్రసారంగా కాదు. యుద్ధం ముగిసి ఆంక్షలు తొలగాక పని ఊపందుకుంది. అప్పటి విద్యార్థుల్లో హెక్టర్ స్కిఫ్టర్ అనే యువకుడు ముఖ్యుడు. చదువు పూర్తయ్యాక కూడా ఆయన స్టేషను ఇంజనీరుగా సేవ చేశాడు. తరువాతి కాలంలో విమానాలకు సంబంధించిన ఎలక్ట్రానిక్ పరికరాల రంగంలో దేశమంతటా పేరున్న ఇంజనీరు అయ్యాడు. ఒక చిన్న కళాశాల ప్రయోగశాలలో తీగలు చుట్టుకుంటూ నేర్చిన విద్య అంత దూరం తీసుకువెళ్లిందన్న సంగతి, కళాశాలలో రేడియో దేనికని అడిగేవారు గుర్తుంచుకోదగినది.

1922లో డబ్ల్యూసీఏఎల్‌కు ప్రసార లైసెన్సు వచ్చింది. ఆ సంవత్సరం అమెరికా అంతటా రేడియో వెల్లువ వచ్చిన సంవత్సరం. వార్తాపత్రికలు, బట్టల దుకాణాలు, చర్చిలు, కళాశాలలు పోటీపడి లైసెన్సులు తీసుకున్నాయి. అంతకు ముందు ఏడాది, 1921 జనవరి 2న, పిట్స్‌బర్గ్‌లోని కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి నుంచి కేడీకేఏ స్టేషను ఆదివారపు ఆరాధనను ప్రసారం చేసింది. మైకుల దగ్గర పనిచేయవలసిన ఇద్దరు ఇంజనీర్లు ఆరాధనకు వచ్చినవారి దృష్టి చెదరకుండా గాయకబృందం తొడిగే అంగీలు తొడుక్కుని కూర్చున్నారు. వారిలో ఒకరు కాథలిక్కు, మరొకరు యూదుడు. ఆ ప్రసారాన్ని విన్న ఎందరో పాస్టర్లకు, గోడలు దాటి వినిపించే ఈ యంత్రం దేవుడు తమ చేతికిచ్చిన సాధనమని అనిపించింది. 1922లోనే లాస్ ఏంజెలిస్ బైబిల్ ఇన్‌స్టిట్యూట్ కేజేఎస్ అనే స్టేషను పెట్టుకుంది. 1926లో షికాగోలోని మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్ డబ్ల్యూఎమ్‌బీఐని ప్రారంభించింది. అదే ఏడాది అయోవా రాష్ట్రం డెకోరాలోని లూథర్ కళాశాల, అదీ నార్వే లూథరన్లదే, కేడబ్ల్యూఎల్‌సీ పేరుతో గాలిలోకి వచ్చింది.

వీటిలో సెయింట్ ఓలాఫ్‌కు ఒక ప్రత్యేకత ఉంది, అది సంగీతం. ఎఫ్. మెలియస్ క్రిస్టియన్‌సెన్ 1912లో తీర్చిదిద్దిన సెయింట్ ఓలాఫ్ గాయకబృందం వాద్యాల తోడు లేకుండా, కేవలం గొంతులతో పాడటంలో అప్పటికే దేశమంతటా కీర్తి గడించింది. ఏటా క్రిస్మస్‌కు ముందు కళాశాల జరిపే సంగీతోత్సవం కూడా 1912లోనే మొదలైంది. అందువల్ల ఏమి ప్రసారం చేయాలన్న బెంగ ఆ స్టేషనుకు ఏనాడూ లేదు. ప్రార్థనాలయంలో రోజూ జరిగే ఆరాధన, ఆదివారపు ప్రసంగం, నార్వే భాషలో భక్తి కార్యక్రమాలు, గాయకబృందం పాటలు, ఆచార్యుల ఉపన్యాసాలు అన్నీ కళాశాల గుట్ట మీదే ఉన్నాయి. వాటి ముందు మైకు పెట్టడమే మిగిలింది.

మైకు ముందు జరిగినది ఇది. ఇక వినేవారి వైపు ఏం జరిగిందో చూడాలి, ఎందుకంటే ఈ కథకు అసలు మూలం అక్కడే ఉంది. 1920లలో మిన్నెసోటా పల్లెల్లో అత్యధిక రైతు ఇళ్లకు విద్యుత్తు లేదు. చాలామంది గెలీనా అనే సీసపు ఖనిజపు ముక్క మీద సన్నని తీగ మొన ఆనించి, అటూ ఇటూ కదుపుతూ, శబ్దం పలికే చోటు దొరికేదాకా వెతికి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినేవారు. దానికి బ్యాటరీ కూడా అక్కర లేదు. గాలిలో వచ్చే తరంగంలోని శక్తే హెడ్‌ఫోన్‌ను పలికిస్తుంది. ఇంట్లో ఒకటే హెడ్‌ఫోన్ ఉంటే దాన్ని ఖాళీ గిన్నెలో పెట్టేవారు. గిన్నె గోడలు శబ్దాన్ని కాస్త పెంచితే, చుట్టూ తలలు వంచి కుటుంబమంతా వినేది. చలికాలంలో మంచు దారులు మూసేస్తే చర్చికి వెళ్లే వీలుండదు. కాలు కదపలేని ముసలివారికి, నార్వే భాష తప్ప ఇంగ్లీషు సరిగా రాని మొదటి తరం వలసదారులకు, తమ భాషలో తమకు తెలిసిన కీర్తన ఆ గిన్నెలోంచి వినపడటం ఎంత పెద్ద ఊరటో మనం ఊహించుకోగలం. రేడియో వారికి వినోదం కాదు. ఆదివారం నాడు సంఘంతో కలిసి కూర్చోవడానికి ఉన్న ఒకే దారి.

కాబట్టి స్టేషనుకు డబ్బు అవసరమైనప్పుడు ఎవరిని అడగాలో కళాశాలకు తెలుసు. ప్రకటనలు వేసుకుని బతికే పద్ధతి అప్పుడప్పుడే వ్యాపిస్తోంది. ట్రాన్స్‌మిటరులోని వాక్యూం ట్యూబులు ఖరీదైనవి, తరచూ కాలిపోయేవి. భౌతికశాస్త్ర విభాగపు బడ్జెట్టుతో ఆ ఖర్చు తేలేది కాదు. 1924 ప్రాంతంలో స్టేషను తన శ్రోతలనే అడిగింది. శ్రోతలు ఇచ్చారు. అమెరికాలో శ్రోతల విరాళాలతో నడిచిన మొదటి రేడియో స్టేషనుగా డబ్ల్యూసీఏఎల్‌ను పేర్కొనడానికి కారణం ఇదే. తరువాత 1949లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కేపీఎఫ్‌ఏ వచ్చి ఇదే పద్ధతిని ఒక సిద్ధాంతంగా ప్రకటించుకుంది, చరిత్రకారుల దృష్టి దాని మీద పడింది. దానికి పాతికేళ్ల ముందే నార్త్‌ఫీల్డ్‌లో ఈ పని జరిగింది. అక్కడివారికి అది సిద్ధాంతంగా తోచలేదు. చర్చిలో కానుక పళ్లెం తిప్పినప్పుడు వేయడం అలవాటైనవారు, రేడియో ద్వారా ఆరాధన అందినప్పుడు దానికీ కానుక పంపడం సహజమనుకున్నారు. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు గానీ తరువాతి కథకు ఇదే కీలకం. కొనుక్కున్న వస్తువుకు చెల్లించే ధర వేరు, ఒక పని కొనసాగాలని ఇచ్చే కానుక వేరు. ధర చెల్లించడంతో లావాదేవీ ముగుస్తుంది. కానుక పుచ్చుకున్నవారి మీద మాత్రం దాన్ని ఉద్దేశించిన పనికే వాడాలనే బాధ్యత పడుతుంది.

ఈ ఆదరణే లేకపోతే స్టేషను 1930లు దాటేది కాదు. 1927లో రేడియో చట్టం వచ్చింది, ఫెడరల్ రేడియో కమిషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది కమిషన్ తన 40వ సాధారణ ఉత్తర్వుతో దేశంలోని స్టేషన్లన్నిటికీ తరంగాలను, అంటే ప్రసార ఫ్రీక్వెన్సీలను, మళ్లీ పంచింది. మంచి తరంగాలు, ఎక్కువ శక్తి పెద్ద వాణిజ్య స్టేషన్లకు వెళ్లాయి. మత సంస్థలు, కార్మిక సంఘాలు నడిపేవాటిని కమిషన్ ప్రచార స్టేషన్లన్న గాటన కట్టి తక్కువగా చూసింది. కళాశాలల స్టేషన్లకు చాలావరకు పగటి వేళలు, మరొకరితో పంచుకునే తరంగాలు మిగిలాయి. ప్రతి విచారణకూ న్యాయవాదిని వాషింగ్టన్‌కు పంపాలి, కమిషన్ కోరినప్పుడల్లా పరికరాలు మార్చాలి. ఆ ఖర్చు భరించలేక ఒకదాని తరువాత ఒకటి మూతపడ్డాయి. 1921 నుంచి విద్యాసంస్థలు తీసుకున్న లైసెన్సులు రెండు వందలకు పైబడి ఉండగా, 1937 నాటికి మిగిలినవి నలభై లోపే. అదే నార్త్‌ఫీల్డ్ పట్టణంలో కార్ల్‌టన్ అనే మరో కళాశాల ఉంది. అది కూడా 1920లలో కేఎఫ్‌ఎమ్‌ఎక్స్ అనే స్టేషను నడిపి, 1930లలో వదులుకుంది. ఒకే ఊరు, ఒకే కాలం, ఒకే ఆర్థిక మాంద్యం. కార్ల్‌టన్ స్టేషను పోయింది, సెయింట్ ఓలాఫ్ స్టేషను నిలిచింది. నిలబెట్టడంలో రైతులు, పాస్టర్ల భార్యలు, పల్లెబడుల ఉపాధ్యాయులు పంపిన చిన్న చిన్న మొత్తాల పాత్ర ఎంతో ఉందని నా అభిప్రాయం.

నిలిచింది గానీ, ఇరుకులోనే నిలిచింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు స్టేషనుతో, అంటే తరువాత కేయూఓఎమ్ అని పేరు మారినదానితో, డబ్ల్యూసీఏఎల్ ఒకే తరంగాన్ని గంటల లెక్కన పంచుకుంది. కొంతకాలానికి ఇద్దరూ 770 కిలోహెర్ట్జ్ మీద స్థిరపడ్డారు. ఆ తరంగం మీద ప్రధాన హక్కు న్యూయార్క్‌లోని ఒక పెద్ద స్టేషనుది. మీడియం వేవ్ తరంగాలు పగలు నేల వెంబడి కొంత దూరమే పోతాయి; చీకటి పడ్డాక పై వాతావరణంలోని అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) పొర నుంచి వెనక్కి మళ్లి వందల మైళ్లు దాటుతాయి. అందుచేత రాత్రివేళ న్యూయార్క్ స్టేషనుకు అడ్డు రాకుండా మిన్నెసోటాలోని ఈ రెండూ సూర్యాస్తమయానికి గొంతు ఆపవలసిందే. డిసెంబరులో ఆ ప్రాంతంలో సాయంత్రం ఐదు లోపే పొద్దు గూకుతుంది. చలికాలంలో, జనం ఇళ్లలో కూర్చుని రేడియో వినే వేళకు సరిగ్గా స్టేషను మూతపడేదన్నమాట. దశాబ్దాల పాటు ఈ ఏర్పాటు సాగింది. ఒక మత కళాశాల, ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం అన్ని సంవత్సరాలు ఒకే తరంగం మీద కలిసి సర్దుకుపోవడం కూడా చెప్పుకోదగ్గ విషయమే.

ఈ సంకెల తెగింది ఎఫ్‌ఎమ్ వల్ల. 1945లో, పాత రేడియో కమిషన్ స్థానంలో వచ్చిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఎఫ్‌ఎమ్ పట్టీలో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ వరకు ఇరవై చానళ్లను లాభాపేక్ష లేని విద్యా ప్రసారాలకు ప్రత్యేకించింది. 1948లో పది వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లకు కూడా అనుమతిచ్చింది. పాతకాలపు టేబుల్ ల్యాంపులోని బల్బుకు సరిపోయేంత శక్తి కూడా కాని ఆ పది వాట్లతో కొన్ని మైళ్ల పరిధిలో వినిపించే స్టేషను పెట్టవచ్చు కాబట్టి, డబ్బు లేని క్రైస్తవ కళాశాలలు ఎన్నో ఈ దారిలో రేడియోలోకి వచ్చాయి. 1978లో కమిషన్ మళ్లీ మనసు మార్చుకుని, వంద వాట్లకు పెంచుకోని చిన్న స్టేషన్లకు రక్షణ తీసేయడంతో వాటిలో చాలా ఇబ్బంది పడ్డాయి. డబ్ల్యూసీఏఎల్ సంగతి వేరు. అది 1960ల చివర 89.3 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్‌ఎమ్ ప్రసారం మొదలుపెట్టి, పగలూ రాత్రీ శాస్త్రీయ సంగీతం వినిపించే పెద్ద స్టేషనుగా ఎదిగింది. ప్రజా రేడియో స్టేషన్ల జాతీయ వ్యవస్థ అయిన నేషనల్ పబ్లిక్ రేడియో వ్యవస్థాపక సభ్య స్టేషన్లలో ఒకటయింది. 1991లో 770 మీద ప్రసారం ఆపేసి, ఆ తరంగాన్ని పూర్తిగా విశ్వవిద్యాలయానికి వదిలిపెట్టింది.

ఇక్కడ కాస్త పక్కకు జరిగి, అదే రాష్ట్రంలో మరి రెండు క్రైస్తవ కళాశాలలు ఏం చేశాయో చెప్పాలి. నార్త్‌వెస్టర్న్ అనే సువార్తిక విద్యాసంస్థ, ప్రసిద్ధ సువార్త ప్రసంగీకుడు బిల్లీ గ్రాహం దానికి అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, 1949లో మిన్నియాపొలిస్‌లో కేటీఐఎస్ స్టేషనును ప్రారంభించింది. అది సువార్త ప్రకటనకే అంకితమై, క్రమంగా అనేక స్టేషన్ల వ్యవస్థగా పెరిగింది. రెండవది కాలేజ్‌విల్‌లోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయం. బెనడిక్టైన్ కాథలిక్కు సన్యాసులు నడిపే ఆ సంస్థ 1967 జనవరిలో కేఎస్‌జేఆర్ అనే స్టేషను పెట్టింది. బిల్ క్లింగ్ అనే పూర్వవిద్యార్థి దాని బాధ్యత వహించాడు. ఖర్చు భారం కావడంతో 1969లో సన్యాసులు దాన్ని ఒక ప్రత్యేక లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించారు. ఆ సంస్థే పేరు మార్చుకుని మిన్నెసోటా పబ్లిక్ రేడియో అయింది, దేశంలోని అతిపెద్ద ప్రజా రేడియో వ్యవస్థల్లో ఒకటయింది. అంటే నార్త్‌ఫీల్డ్ లూథరన్ల స్టేషనును చివరికి కొన్న సంస్థ కూడా ఒక చిన్న క్రైస్తవ కళాశాల రేడియో గదిలోంచి వచ్చినదే.

2004లో సెయింట్ ఓలాఫ్ పాలకమండలి డబ్ల్యూసీఏఎల్‌ను, రోచెస్టర్‌లోని దాని అనుబంధ స్టేషనుతో కలిపి, మిన్నెసోటా పబ్లిక్ రేడియోకు కోటీ ఐదు లక్షల డాలర్లకు అమ్మింది. స్టేషను కంటే ఆ సొమ్ము కళాశాల విద్యాలక్ష్యాలకు ఎక్కువ ఉపకరిస్తుందని పాలకుల వాదన. ఆ వాదనను నేను తేలికగా తీసివేయను. కళాశాల ప్రధాన ధర్మం బోధన. విద్యార్థులకు పెద్దగా సంబంధం లేకుండా వృత్తి నిపుణులే నడిపే సంగీత స్టేషను దాని పనుల్లో ఒక మూలకు చేరిన మాట నిజం. 2005 జనవరిలో అదే 89.3 మీద ‘ది కరెంట్’ అనే పేరుతో నవతరం పాటల స్టేషను మొదలైంది. దానికి మంచి ఆదరణ దొరికింది, మిన్నెసోటా స్థానిక సంగీతకారులకు అది గొప్ప వేదికయింది. కొన్నవారు స్టేషనును పాడుచేశారని ఎవరూ అనలేరు.

అయినా అడగవలసిన ప్రశ్న మిగిలే ఉంది. కోటీ ఐదు లక్షల డాలర్లు దేని విలువ? భవనానికో, యంత్రాలకో అంత ధర రాదు. అది ప్రధానంగా 89.3 అనే లైసెన్సు విలువ. ఆ లైసెన్సు అంతకాలం కళాశాల చేతిలో నిలవడానికి, శక్తి పెరగడానికి, నగరానికి వినిపించేంత ఎత్తు యాంటెన్నా అందడానికి డబ్బిచ్చింది ఎవరు? పెద్ద భాగం శ్రోతలు. కొందరు వీలునామాలలో కూడా రాశారు. రేడియో కోసం ఇచ్చిన కానుక రేడియోను అమ్మి తెచ్చిన సొమ్ముగా మారి వేరే పనికి వెళ్లవచ్చునా? ‘సేవ్ డబ్ల్యూసీఏఎల్’ అనే పేరుతో ఏకమైన శ్రోతలు ఈ ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి పోరాడారు. ఫెడరల్ కమిషన్ దగ్గర వారికి ఊరట దొరకలేదు. లైసెన్సు ఎవరి పేరిట ఉందో వారికే బదిలీ చేసే హక్కు అన్నది అక్కడి లెక్క. కానీ 2008లో, నార్త్‌ఫీల్డ్ ఉన్న రైస్ కౌంటీ జిల్లా న్యాయస్థానం వేరే వైపు నుంచి చూసింది. దాతలిచ్చిన విరాళాలతో ఏర్పడి కొనసాగిన డబ్ల్యూసీఏఎల్ ఒక ధార్మిక ట్రస్టు అని, దాన్ని అమ్మే ముందు కళాశాల న్యాయస్థానం అనుమతి కోరవలసి ఉండిందని తేల్చింది. స్టేషను మాత్రం వెనక్కి రాలేదు. కానీ 1924 ప్రాంతంలో కానుకగా మొదలైన సంబంధాన్ని, ఎనభై ఏళ్లు గడిచాక, చట్టం తన భాషలో గుర్తించిన క్షణమది. నా దృష్టిలో ఈ స్టేషను చరిత్రలో లైసెన్సు వచ్చిన రోజు ఎంత ముఖ్యమో, ఈ తీర్పు వచ్చిన రోజూ అంతే ముఖ్యం.

ఇంకో దారి లేదా అని అడగవచ్చు. ఉంది. మేరీలాండ్ రాష్ట్రంలో, వాషింగ్టన్ నగరం పొలిమేరల్లో ఉన్న టకోమా పార్క్‌లో, సెవెంత్‌డే అడ్వెంటిస్టు కళాశాల 1957లో డబ్ల్యూజీటీఎస్ స్టేషనును ప్రారంభించింది. దాని చివరి మూడక్షరాలు ‘గేట్‌వే టు సర్వీస్’, అంటే సేవకు ద్వారం, అనే కళాశాల ఆదర్శవాక్యం నుంచి వచ్చాయి. 2007లో ఆ కళాశాల కూడా డబ్బు అవసరంతో స్టేషనును అమ్మాలనుకుని, చివరకు పాలకమండలి వద్దనుకుంది. పదేళ్ల తరువాత మళ్లీ అమ్మకం ప్రస్తావన వచ్చినప్పుడు, స్టేషనును నడుపుతున్నవారి వైపు నుంచే ఏర్పడిన ఒక లాభాపేక్ష లేని సంస్థ దాన్ని కొన్నది. కళాశాలకు డబ్బు అందింది, శ్రోతలకు తమ స్టేషను తమ దగ్గరే ఉండిపోయింది. అమ్మక తప్పనప్పుడు మొదట అడగవలసింది అంతకాలం పోషించినవారినేనని ఈ ఉదాహరణ చూపిస్తుంది. నార్త్‌ఫీల్డ్‌లో అలాంటి అవకాశం శ్రోతలకు ఇచ్చి ఉంటే వారు అంత మొత్తం కూడగట్టగలిగేవారో లేదో చెప్పలేం. అడిగి ఉండవలసిందన్నదే నా మాట.

అమ్మకం తరువాత కూడా సెయింట్ ఓలాఫ్ రేడియోకు పూర్తిగా దూరం కాలేదు. ఆదివారపు వాక్య పఠనాలకు అనుగుణంగా గాయకబృందాల పాటలను ఎంచి వినిపించే ‘సింగ్ ఫర్ జాయ్’ అనే వారపు కార్యక్రమాన్ని కళాశాల తయారుచేస్తూ వచ్చింది, ఇతర స్టేషన్లు దాన్ని ప్రసారం చేస్తూ వచ్చాయి. క్రిస్మస్ సంగీతోత్సవం కూడా రేడియోలో వినిపిస్తూనే ఉంది. విద్యార్థులు తమంతట తాము కేఎస్‌టీఓ అనే చిన్న ప్రాంగణ స్టేషను నడుపుకుంటున్నారు. అక్కడ మైకు ముందు కూర్చునేవారు, కార్యక్రమాల పట్టిక వేసేవారు, పరికరం మొరాయిస్తే విప్పి చూసేవారు అందరూ విద్యార్థులే.